ఏ పిట్ట?

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన రెండో రోజు పొద్దున్నే వరండా ఊడ్వడానికి వచ్చిన ఆయమ్మ గట్టిగా పిలిచింది. వెళ్లి చూస్తే కిటికీ కింద ఒక పిట్ట పడి ఉంది. రాత్రంతా వెలిగిన లైటును చూసి వచ్చి అద్దానికి కొట్టుకున్నట్టుంది. చేతిలోకి తీసుకుంటే గుప్పెడంత ఉంది, గుండె మాత్రం టకటకా కొట్టుకుంటోంది. వీపు ఆకుపచ్చ. రెక్క మీద నీలం. పొట్ట లేత పసుపు కలిసిన గోధుమరంగు. తోక కింద కుంకుమ అద్దినట్టు ఎరుపు. కంటి మీదుగా కాటుక గీత, దాని పైన తెల్లటి గీత. తోక ఉందా లేదా అన్నంత పొట్టి. కాళ్లు మాత్రం పొడవు.

అట్టపెట్టెకు చిన్న చిన్న చిల్లులు పెట్టి, దాన్ని లోపల ఉంచి, చీకటిగా ఉన్న మూలన పెట్టాం. గంట తర్వాత వంటగది వెనక్కి తీసుకెళ్లి మూత తీస్తే, ఒక్క క్షణం మమ్మల్ని చూసి వెదురు పొదలోకి వెళ్లిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు నాలుగో తరగతి పాప అడిగింది: "సార్, అది ఏ పిట్ట?"

నాకు తెలుసు. అంటే, ఒకప్పుడు తెలుసు. తునికాకు కోతల రోజుల్లో, తెల్లారకముందే తాతతో అడవికి పోయేటప్పుడు ఈ పిట్ట కూత విన్నాను. "తాతా, పిట్ట కూస్తోంది" అన్నాను. తాత నడుస్తూనే, "ఏ పిట్ట రా?" అన్నాడు. తెలియదన్నాను. తాత ఆగి, కూత మళ్లీ వినిపించేదాకా నన్ను నిలబెట్టి, పేరు చెప్పాడు. అది మా మాటలో పేరు. తరవాత ఆశ్రమ పాఠశాలలో చేరాక ఒకరోజు తెలిసిన పక్షుల పేర్లు చెప్పమన్నారు. కాకి, చిలుక, నెమలి అయిపోయాక నా వంతు వచ్చింది. తాత చెప్పిన పేరు చెప్పాను. "అలాంటి పిట్ట లేదు, తెలుగులో చెప్పు" అన్నారు. క్లాసంతా నవ్వింది. అప్పటినుంచి నేను ఏ పక్షిని అడిగినా "పిట్ట" అనే చెప్పాను. పిట్ట అంటే ఎవరూ నవ్వరు.

పాప అడిగిన రోజు సాయంత్రం పక్షుల పుస్తకం తెరిచి చూశాను. పొన్నంగి పిట్ట అని ఉంది. మరునాడు పిల్లలకు ఆ పేరే చెప్పాను. కానీ తాత చెప్పిన పేరు ఎంత ఆలోచించినా రాలేదు. తాత పోయి చాలా ఏళ్లయింది. గూడెంలో అడిగితే ఒకరు "అదేదో రంగుల పిట్ట" అన్నారు, ఇంకొకరు "మీ తాతకే తెలియాలి" అన్నారు. ఒక పేరు నా తలలోనే ఉండి, నా తలలోనే పోయింది. ఈ వ్యాసం ఆ పేరు గురించి. దాన్ని ఇక్కడ రాయలేకపోతున్నాను కాబట్టే రాస్తున్నాను.

ఈ పిట్ట చరిత్రలో ఒక వింత ఉంది. ప్రపంచంలోని పక్షి శాస్త్రజ్ఞులందరూ దీన్ని "పిట్టా" అనే పిలుస్తారు. మన పిట్టే. 1766లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి మొదటి శాస్త్రనామం పెట్టాడు. భారతదేశానికి ఎన్నడూ రాని మనిషి ఆయన. దీన్ని కాకుల జాతిలో చేర్చి "కోర్వస్ బ్రాకియురస్" అన్నాడు. కోర్వస్ అంటే కాకి, బ్రాకియురస్ అంటే పొట్టి తోకది. పొట్టితోక కాకి అన్నమాట. మన గూడెంలో ఏ పసివాణ్ణి అడిగినా ఇది కాకి కాదని చెప్పేవాడు. యాభై ఏళ్ల తర్వాత, 1816లో, వియ్యో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీన్ని కాకుల్లోంచి తీసి దీనికోసం ఒక కొత్త జాతిని ఏర్పరచాడు. ఆ జాతికి పెట్టిన పేరే పిట్టా. చిన్న పక్షి దేన్నైనా తెలుగువాళ్లు పిలిచే మాట, ఓడలెక్కి ఐరోపాకు పోయి, ఒకే ఒక్క జాతి పేరుగా మారింది. ఇప్పుడు ఆ కుటుంబంలో నలభైకి పైగా రకాలు ఉన్నాయి. ఆఫ్రికా అడవుల్లో పిట్టా ఉంది. ఆస్ట్రేలియాలో పిట్టా ఉంది. సోలమన్ దీవుల్లోనూ ఉంది. అక్కడివాళ్లలో ఎందరికి అది మన మాటని తెలుసో!

ఈ సంగతి చెప్పినప్పుడల్లా మన తెలుగు మిత్రులు సంతోషిస్తారు. చూశారా, మన భాష ఎక్కడిదాకా పోయిందో అంటారు. నాకూ సంతోషమే. పైగా అది తెలుగువాళ్ల ఒక్కరి మాటే కాదు. గోండిలోనూ పక్షిని పిట్టె అనే అంటారు. అక్కాచెల్లెళ్లయిన భాషలు పంచుకున్న మాట అది. కానీ ఆ సంతోషం తర్వాత ఒక ప్రశ్న వేసుకోవాలి. బయటి ప్రపంచం మన దగ్గర్నుంచి ఏం తీసుకుంది? పిట్ట అనే గంపెడు మాటను తీసుకుంది. ఆ గంపలో ఉన్న వందల పేర్లను తీసుకోలేదు. ఎవరో ఒక దొర తుపాకీతో కొట్టిన పక్షిని చూపించి "ఇదేమిటి?" అని అడిగి ఉంటాడు. పక్కనున్న మనిషి "పిట్ట" అని ఉంటాడు. ఇది నా ఊహే. కానీ నా తాత పక్కనుంటే "ఏ పిట్ట?" అని అడిగి ఉండేవాడు. ఆ ప్రశ్న ఓడ ఎక్కలేదు.

పేర్లు ఎలా పుడతాయో ఈ ఒక్క పిట్టను చూస్తేనే తెలుస్తుంది. హిందీలో దీన్ని నవరంగ్ అంటారు, తొమ్మిది రంగులది అని. అది కంటితో పెట్టిన పేరు. తమిళంలో ఆరుమణి కురువి అంటారు, అంటే ఆరు గంటల పిట్ట. అది చెవితో పెట్టిన పేరు. ఈ పిట్ట తెల్లవారు ఆరు ప్రాంతంలో, మళ్లీ పొద్దుగూకే వేళ కూస్తుంది. తల వెనక్కి వాల్చి, ముక్కు ఆకాశానికి ఎత్తి, రెండు స్వరాల ఈల వేస్తుంది. ఒకటి కూస్తే చుట్టుపక్కలున్నవి అందుకుంటాయి. శ్రీలంకలో సింహళీయులు దీన్ని అవిచ్చియా అంటారు. దాని కూత వాళ్లకు అలా వినిపిస్తుంది. తన రంగుల బట్టలను నెమలి ఎత్తుకుపోయిందని ఈ పిట్ట ఫిర్యాదు చేస్తోందని అక్కడ ఒక కథ చెబుతారు. అది కథతో పెట్టిన పేరు. ఇన్ని రంగులున్న పిట్టకు కూడా ఇంకా పోగొట్టుకున్నవి ఉన్నాయని ఊహించిన మనుషులు వాళ్లు! ఫ్రెంచివాళ్లు "బ్రేవ్" అంటారు, అంటే పొట్టిది. లాటిను పేరులోనూ ఇప్పటికీ పొట్టి తోకే మిగిలింది. బల్ల మీద చచ్చి పడున్న పక్షిని కొలిచినవాళ్లకు మొదట కనిపించేది తోక. బతికున్న పక్షితో ఒకే అడవిలో ఉన్నవాళ్లకు మొదట వినిపించేది కూత. పేరును బట్టి, పెట్టినవాడు పక్షికి ఎంత దూరంలో నిలబడ్డాడో చెప్పవచ్చు.

తెలుగులో పొన్నంగి అంటే ఏమిటి? వినగానే పొన్ను అంటే బంగారం, అంగీ అంటే చొక్కా, బంగారు చొక్కా తొడుక్కున్న పిట్ట అనిపిస్తుంది. అందంగానే ఉంది. కానీ చెవికి తోచిన ప్రతి అర్థాన్నీ పేరుకు అంటగట్టకూడదు. మన ఊళ్ల పేర్లకు, మన ఇంటిపేర్లకు బయటివాళ్లు ఇలాగే అర్థాలు కట్టి, వాటినే చరిత్రగా రాసినప్పుడు మనకు ఎంత మండుతుందో మనకు తెలుసు. మనం ఆ పని ఇంకొకరి పేరుకు చేయకూడదు.

పేరు ఎంత పనిచేస్తుందో చెప్పడానికి ఇంకో పక్షిని తోడు తెచ్చుకుంటాను. కడప జిల్లా పొదల అడవుల్లో ఉండే కలివికోడిని ఇంగ్లీషు పుస్తకాలు జెర్డాన్స్ కర్సర్ అంటాయి. కలివికోడి అన్న పేరు అది కలివి పొదల మధ్య తిరిగేదని చెబుతుంది, అంటే ఎక్కడ వెతకాలో చెబుతుంది. జెర్డాన్స్ కర్సర్ అన్న పేరు దాన్ని ఏ దొర కనుగొన్నాడో చెబుతుంది. 1900 తర్వాత ఆ పక్షి ఎవరికీ కనిపించలేదని, అంతరించిపోయిందని శాస్త్రజ్ఞులు అనుకున్నారు. 1986 జనవరిలో అది మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వచ్చి వెతికితే, దాన్ని రాత్రిపూట పట్టి చూపించినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఎనభై ఆరేళ్లు "ఎవరికీ కనిపించలేదు" అన్న వాక్యంలో ఆ "ఎవరికీ" అనే మాట ఎవరిని లెక్కపెట్టిందో మన పిల్లలు ఆలోచించాలి.

ఆ జెర్డాన్ గురించీ న్యాయంగానే చెప్పాలి. ఆయన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, నెల్లూరులో పనిచేశాడు. అక్కడి యానాదుల దగ్గర అడవి సంగతులు అడిగి తెలుసుకున్నాడు. 1862 నుంచి 1864 వరకు అచ్చయిన తన భారత పక్షుల గ్రంథంలో చాలా పక్షుల దగ్గర దేశభాషల పేర్లు ఇచ్చాడు. కొన్ని పేర్ల పక్కన గోండులు, ఎరుకలు వంటి జనాల గుర్తు కూడా పెట్టాడు. ఆ పని మన పండితులు చేయలేదు. మన పాత నిఘంటువుల్లో పక్షుల పేర్లు వెతికితే ఎక్కువచోట్ల ఒకటే అర్థం కనిపిస్తుంది: "ఒక పక్షివిశేషము." చెట్టయితే "ఒక వృక్షవిశేషము." ఆ నిఘంటుకర్తలు గొప్పవాళ్లే. కానీ ఆ పక్షిని చూసినవాణ్ణి పిలిచి అడగాలని వాళ్లకు తోచలేదు. జెర్డానుకు తోచింది. అయితే ఆయనా జనం పేరు రాశాడే కానీ, ఆ పేరు చెప్పిన మనిషి పేరు రాయలేదు. పక్షికి ఆయన పేరు మిగిలింది. పక్షిని చూపినవాడి పేరు మిగలలేదు.

పెద్ద సాహిత్యానిదీ ఇదే దారి. ప్రబంధాల్లో పక్షులకు కొదవలేదు. హంస పాలనూ నీళ్లనూ వేరు చేస్తుంది. చకోరం వెన్నెల తాగుతుంది. కోయిల వసంతంలో విరహం రేపుతుంది. ఇవన్నీ సంస్కృతం నుంచి వచ్చిన కవిసమయాలు. ఆ పక్షులు పుస్తకంలోంచి పుస్తకంలోకి ఎగురుతాయి, మధ్యలో చెట్టు మీద వాలవు. ఎండుటాకులను ముక్కుతో తిరగేసి పురుగులు ఏరుకుని తినే పొన్నంగికి అక్కడ చోటు దొరకలేదు. ఇక మామూలు తెలుగులో పిట్ట అంటే చిన్నది, లెక్కలేనిది అని అర్థం. అసలు కథకు అడ్డం వచ్చే చిన్న కథ పిట్టకథ. ఎత్తులేని గోడ పిట్టగోడ. ఒక్క సామెత మాత్రం పిట్టకు న్యాయం చేసింది: పిట్ట కొంచెం, కూత ఘనం. పొన్నంగిని చూసి అన్నారా అనిపిస్తుంది. జానెడు పక్షి ఈల వేస్తే అడవి అవతలిదాకా వినిపిస్తుంది.

అయితే ఊరిజనం తెలుగులో గంపెడు పేర్లు ఉన్నాయి. చెక్కను తొలిచేది వడ్రంగి పిట్ట. పసుల వెంట తిరిగేది పసులపోలిగాడు. కూతనే పేరుగా పెట్టుకున్నది తీతువు. ఇవి పనిచేసేవాళ్లు, పనిచేస్తూ చూసినవాళ్లు పెట్టిన పేర్లు. పశువులు కాచినవాడు తప్ప పసులపోలిగాడు అన్న పేరు ఎవరు పెట్టగలరు?

ఇంతవరకు ఇతరులను విమర్శించాను. ఇప్పుడు మన సంగతి. ఈ పదేళ్లలో మన యువతీయువకులు రాసిన కవితలు, కథలు చాలా చదివాను. కొన్నిటికి ముందుమాటలు రాశాను. మన కోపం, మన దుఃఖం, భూమి గురించి, ముంపు గురించి, పోడు గురించి మన వాదన బలంగా వచ్చాయి. అందుకు గర్వపడుతున్నాను. కానీ ఆ కవితల్లో అడవి ఎలా ఉంది? "పచ్చని చెట్లు", "పాడే పిట్టలు", "పారే వాగులు". ఏ చెట్టు? ఏ పిట్ట? ఏ వాగు? ఆ వాక్యాలను అడవి ముఖం చూడని మనిషి కూడా పట్నంలో కూర్చుని రాయగలడు. రాస్తున్నాడు కూడా. అతను "పిట్టలు పాడుతున్నాయి" అని రాస్తే అది అతని హద్దు. మనం అదే రాస్తే అది మన నష్టం. మన దగ్గర మాత్రమే ఉన్నదాన్ని వదిలేసి, అందరి దగ్గరా ఉన్నదాన్ని అరువు తెచ్చుకుంటున్నాం.

దీనికి కారణం నాకు తెలుసు, ఎందుకంటే అది నాకూ జరిగింది. మన పేర్లు రాస్తే పాఠకులకు అర్థం కావేమోనని భయం. అచ్చులో చూస్తే ఎవరైనా నవ్వుతారేమోనని భయం. క్లాసులో పడిన ఆ నవ్వు ఇప్పటికీ మన కలాల వెనక నిలబడి ఉంది. అడవి మీద హక్కు అడుగుతూ వంద పేజీలు రాస్తాం. ఆ అడవిలో ఉన్నవాటి పేర్లు పది కూడా రాయం. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరి సరిహద్దులు చెప్పాల్సి వచ్చినప్పుడు మన పెద్దలు ఏం చేశారు? ఫలానా బండ, ఫలానా చింత, ఫలానా వాగు మలుపు అని పేర్లతో చెప్పారు. పేరు తెలిసినవాడి మాటే అక్కడ నిలిచింది. సాహిత్యంలోనూ అంతే. పేరు చెప్పలేని చోట మన సాక్ష్యం నిలవదు.

ఇక్కడ ఒక ఎదురు మాట వస్తుంది. మన పెద్దలకు పిట్టల పేర్లు తెలిసింది వేటాడారు కాబట్టి కదా, వాటిని పొగడటం ఎందుకు అని. నిజమే. నేనూ ఉండేలు పట్టినవాణ్ణే. తాత దగ్గర వలలుండేవి. దొర తుపాకీతో తెలుసుకున్నాడు, మనం ఉచ్చుతో తెలుసుకున్నాం. అంతా పవిత్రమని చెప్పి పెద్దలను దేవుళ్లను చేయాల్సిన పని లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పిట్టలను పట్టడం నేరం, అది మన పిల్లలకు చెప్పాల్సిందే. కానీ ఉండేలు పారేసినప్పుడు, దానితోపాటు చూపును కూడా పారేశాం. పట్టడం మానడానికి పేరు మరిచిపోవాల్సిన అవసరం లేదు. చూడటానికి, వినడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

ఇంకో మాట. ఈ పిట్ట ఎక్కడిది? అది ఒక ఊరిది కాదు. ఎండలు ముదిరి వానలు దగ్గరపడేసరికి ఉత్తరానికి పోతుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్య భారతపు అడవుల్లో, హిమాలయాల దిగువ కొండల్లో, పశ్చిమ కనుమల్లో కొంతమేర గూడు కడుతుంది. ఎండుటాకులు, గడ్డితో బంతిలాంటి గూడు, పక్కన ఒక గుండ్రని వాకిలి. నేల మీదో, కింది కొమ్మల్లోనో కడుతుంది. నాలుగైదు తెల్లటి గుడ్లు, వాటి మీద ముదురు ఊదా చుక్కలు. వానలు వెనుదిరిగాక దక్షిణానికి, శ్రీలంక దాకా దిగుతుంది. ప్రయాణం రాత్రిపూట. అలసిపోయి దారిలో ఊళ్లలో, పెరళ్లలో, ఒక్కోసారి ఇళ్లలోపలే దిగిపోతుంది. మా బడి వరండాలో పడింది అలాంటి బాటసారే.

దారిపొడుగునా దానికి ఒక్కోచోట ఒక్కో పేరు ఉంది. గూడు కట్టే చోట ఒకటి, దాటిపోయే చోట ఒకటి, చలికాలం గడిపే చోట ఒకటి. పేరును బట్టి ఆ చోట దాని బతుకులో ఏ భాగం కనిపిస్తుందో తెలుస్తుంది. అన్ని పేర్లూ కలిపితేనే దాని ఏడాది పూర్తవుతుంది. అందుకే ఒక పేరు సరైనది, మిగతావి తప్పు అనడానికి లేదు. పొన్నంగి అన్నది పుస్తకపు తెలుగు పేరు. అది నేర్పండి, పరీక్షకూ పుస్తకానికీ అది కావాలి. కానీ అది మన పేరును కొట్టేసి వచ్చే పేరు కాకూడదు, పక్కన కూర్చునే పేరు కావాలి. ఎవరైనా పిల్లవాడు తన మాటలో ఒక పేరు చెప్తే, "తెలుగులో చెప్పు" అనేముందు "మళ్లీ చెప్పు, రాసుకుంటాను" అనండి. ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఇదొక్కటే. నాకు ఆ ఒక్క మాట దక్కి ఉంటే ఇవాళ ఈ వ్యాసానికి శీర్షిక తాత చెప్పిన పేరే అయ్యేది.

మా బడిలో ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టాం. ఖర్చు లేని పని. పిల్లలు ఇంటి దగ్గర పెద్దలను అడిగి వస్తారు. పేరు ఎలా పలికారో అలాగే తెలుగు అక్షరాల్లో రాస్తాం. చెప్పినవాళ్ల పేరు, గూడెం పేరు, ఏ భాష, ఏ నెలలో కనిపిస్తుంది, చెట్టు మీద ఉంటుందా నేల మీద ఉంటుందా, ఏం తింటుంది, కూత ఎలా ఉంటుంది అని రాస్తాం. రెండు గూడేల్లో రెండు పేర్లు వస్తే రెండూ ఉంచుతాం. చెప్పినవాళ్లకు తెలియదంటే ఖాళీ ఉంచుతాం, మేం కల్పించం. చెప్పిన మనిషి పేరు మాత్రం ఎన్నడూ ఖాళీగా ఉంచం. జెర్డాన్ చేసిన తప్పు మనం చేయకూడదు. మొదట్లో పిల్లలు సిగ్గుపడ్డారు. ఇప్పుడు నోటుబుక్కులో తమ అవ్వ పేరు అచ్చంగా రాసి ఉందని చూపించుకుంటున్నారు. పొన్నంగి పేరు దగ్గర మా మాటలో గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. అది నేను నింపాల్సిన గడి.

రాసే యువతీయువకులకూ ఇదే చెప్తాను. కవితలో పిట్ట అని రాయబోయినప్పుడు కలం ఆపి, మా తాత అడిగినట్టు మిమ్మల్ని మీరు అడగండి. జవాబు తెలిస్తే ఆ పేరే రాయండి, మీ మాటలోనే రాయండి. అర్థం కాదని భయపడకండి. పిట్ట అనే మాటకు అర్థం తెలియకుండానే ప్రపంచమంతా దాన్ని రెండు వందల ఏళ్లుగా పలుకుతోంది. మీ పేరునూ పలుకుతుంది. జవాబు తెలియకపోతే కవిత ఒక్కరోజు ఆపి, లేచి వెళ్లి ఎవరినైనా అడగండి. అడగడానికి మనుషులున్నంతకాలమే ఆ వీలు.

చివరిగా ఈ పిట్ట స్వభావంలోని ఒక సంగతి చెప్పి ముగిస్తాను. ఇంత బాగా ఈల వేసే పిట్టను శాస్త్రజ్ఞులు అసలైన పాటపిట్టల వర్గంలో చేర్చరు. దాని గొంతు నిర్మాణం వేరు. పాటపిట్టల పిల్లలు పెద్దవాటిని విని పాట నేర్చుకుంటాయి. పొన్నంగి చేరే వర్గపు పక్షులకు మాత్రం కూత చాలావరకు పుట్టుకతోనే వస్తుందంటారు. అంటే పొన్నంగి పిల్లకు ఎవరూ నేర్పకపోయినా, వచ్చే ఏడాది తెల్లవారు ఆరు గంటలకు అది తల వెనక్కి వాల్చి తన ఈల తాను వేస్తుంది. దాని కూతకు దిగులు లేదు.

పేరు అలా కాదు. పేరు పుట్టుకతో రాదు. ఒకరు ఆగి, వినిపించి, చెప్తేనే వస్తుంది. నన్ను మా తాత దారిలో నిలబెట్టాడు. నేను నా తరవాతివాళ్లను నిలబెట్టడానికి ముందే ఆ పేరు పోగొట్టుకున్నాను. మీ ఇంట్లో ఇంకా ఒక తాతో అవ్వో ఉంటే, ఈ పుస్తకం మూసి, వాళ్ల పక్కన కూర్చోండి. పొద్దుగూకే వేళ బయట ఏదో కూస్తూనే ఉంటుంది. "అది ఏ పిట్ట?" అని అడగండి.